పేర్చిన గోడ, పోసిన గోడ: భిలాయి ఉక్కు నగరపు ఇళ్ళ చరిత్ర

స్వతంత్ర భారతదేశపు పారిశ్రామిక నగరాల చరిత్రను వ్రాసినవారు కొలిమిని గురించి వ్రాసినంత విస్తారంగా గోడను గురించి వ్రాయలేదు. భిలాయి పేరు చెప్పగానే 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, అక్కడ తయారై దేశమంతటా పరచుకున్న రైలు పట్టాలు స్ఫురిస్తాయి. ఆ కొలిమి దగ్గర ఎనిమిది గంటలు నిలబడి ఇంటికి వచ్చిన కార్మికుడు ఎటువంటి గోడల మధ్య నిద్రించాడు, ఆ గోడను ఎవరు కట్టారు, ఏ పదార్థంతో కట్టారు అన్న ప్రశ్నలు మాత్రం పరిపాలనా నివేదికల అనుబంధాలలో మిగిలిపోయాయి. అయితే ఉక్కు నగరం అంటే కర్మాగారం ఒక్కటే కాదు. అది లక్షలాది మంది నివసించే ఊరు. ఆ ఊరి గోడ చరిత్రలో దేశ గృహనిర్మాణ చరిత్రలోని ప్రధాన సమస్యలన్నీ ఇమిడి ఉన్నాయి.

తెలుగులో గోడను గురించి చెప్పేటప్పుడు మనం రెండు క్రియలను వాడతాము. ఇటుకను, రాతిని పేరుస్తాము. కాంక్రీటును పోస్తాము. పేర్చిన గోడ మేస్త్రీ చేతిది. పోసిన గోడ అచ్చుది. ఈ రెండింటికీ నడుమ గత అరవై ఏళ్ళలో మూడవ పద్ధతి ఒకటి ప్రపంచంలో వ్యాపించింది. తేలికైన నురుగు దిమ్మెలను ఇటుకల వలె పేర్చి, వాటి బోలులో చువ్వలు నిలిపి, కాంక్రీటు పోసి, ఆ అచ్చును తీసివేయకుండా గోడలోనే శాశ్వతంగా ఉంచివేయటం ఆ పద్ధతి. వేడిని ఆపే కాంక్రీటు అచ్చు అని దానిని పిలుచుకోవచ్చు. మన దేశంలో ఇది ఇంకా విస్తారంగా ఆచరణలోకి రాలేదు. కానీ దీని సమీప బంధువులు అనేకం ప్రభుత్వ గృహనిర్మాణ పథకాలలో ప్రవేశించాయి. అవి మనకు తగినవా, కావా అన్నది నిర్ణయించుకోవటానికి భిలాయి చరిత్ర మంచి గీటురాయి.

మట్టి నుంచి ఇటుకకు

కర్మాగారం రాకముందు భిలాయి అప్పటి మధ్యప్రదేశ్‌లో దుర్గ్ జిల్లాలోని ఒక పల్లె. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆ ప్రాంతం ఆ రాష్ట్రంలో భాగమైంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో సంప్రదాయపు ఇల్లు మందపాటి మట్టిగోడలది, మట్టి పెంకుల కప్పుది. ఛుహీ అని పిలిచే తెల్లమట్టితో ఆ గోడలను అలుకుతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి అక్కడికి వెళ్ళిన తెలుగువారికి ఆ ఇల్లు కొత్తది కాదు. వరుసకు వరుస ఆరబెడుతూ మట్టిని పైకి లేపే పని, వానాకాలం ముందు చూరు సరిచేసుకొనే పని, ఏటా గోడ అలుకుకొనే పని వారి ఊళ్ళలోనూ ఉన్నవే.

కర్మాగారం కోసం పదుల కొద్దీ గ్రామాల భూమి సేకరించారు. ఆ భూమిలో కొంత భాగం మీద సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్ వెలసింది. వెడల్పాటి రోడ్లు, చెట్ల వరుసలు, ప్రతి సెక్టారుకు పాఠశాల, అంగళ్ళు, ఆసుపత్రి సౌకర్యం, హోదాను బట్టి విస్తీర్ణం మారే క్వార్టర్లు అక్కడి ప్రణాళికలోని ముఖ్యాంశాలు. పల్లె ఇంటికీ క్వార్టరుకూ అన్నింటికంటె స్పష్టమైన తేడా గోడలోనే కనిపించేది. మట్టికి బదులు కాల్చిన ఇటుక, సున్నపు అలుకుకు బదులు సిమెంటు పూత వచ్చాయి. ఏటా మరమ్మతు కోరని గోడ ఆనాటివారి దృష్టిలో ఆధునికతకు చిహ్నం.

తెలుగువారు ఈ ఊరికి చేరటానికి ఒక భౌగోళిక కారణం ఉంది. విశాఖ తీరాన్ని రాయపూర్‌తో కలిపే రైలు మార్గం 1931లో పూర్తయింది. విజయనగరం, పార్వతీపురం మీదుగా సాగే ఆ దారి ఉత్తరాంధ్ర కూలీకి, చేతిపనివానికి, తరువాత చదువుకున్న ఉద్యోగికి కూడా భిలాయిని దగ్గర చేసింది. సెక్టార్-5లోని బాలాజీ మందిరం, ఆంధ్ర సాహిత్య సమితి, ఖుర్సీపార్ వంటి పేటలలో వినిపించే తెలుగు మాట ఆ వలసకు నేటికీ నిలిచిన సాక్ష్యాలు. కొందరు టౌన్‌షిప్ క్వార్టర్లలో స్థిరపడ్డారు. శాశ్వత ఉద్యోగం దొరకనివారు అంచున ఉన్న పేటల్లో తమ గోడలు తామే లేపుకున్నారు. ఒకే ఊరిలో ఒకే కాలంలో రెండు విధాల గోడలుండటం భిలాయి సామాజిక చరిత్రలో మొదటి పాఠం.

ఢిల్లీలో విఫలమైన కర్మాగారం

భిలాయి టౌన్‌షిప్ ఇటుకలతో లేస్తున్న సమయంలో సోవియట్ దేశం ఇటుకను వదలుకొనే దారిలో ఉంది. 1954 డిసెంబరులో నికితా కృశ్చేవ్ భవన నిర్మాణ పనివారి మహాసభలో మాట్లాడుతూ అలంకారాలను తగ్గించాలని, ఇళ్ళను కర్మాగారాలలో తయారైన కాంక్రీటు భాగాలతో కూర్చాలని గట్టిగా వాదించారు. 1957లో వెలువడిన గృహనిర్మాణ నిర్ణయం తరువాత ఆ దేశపు నగరాలలో కాంక్రీటు పలకల అయిదంతస్తుల ఇళ్ళు వేల సంఖ్యలో లేచాయి. ఆ దేశపు ఇంజనీర్లు భిలాయిలో ఉక్కు కర్మాగారాన్ని నిర్మిస్తున్న కాలమే అది. అయినా పలక ఇల్లు భిలాయి టౌన్‌షిప్ స్వరూపాన్ని నిర్ణయించలేదు. దీనిని వెనుకబాటుగా భావించటం పొరపాటు. భారతదేశం ఆ ప్రయత్నాన్ని అంతకు ముందే ఒకసారి చేసి చూచింది.

దేశ విభజన అనంతరం శరణార్థులకు త్వరగా ఇళ్ళు కట్టవలసి వచ్చినప్పుడు భారత ప్రభుత్వం ఢిల్లీలో ఇళ్ళ కర్మాగారాన్ని తలపెట్టింది. గృహనిర్మాణ శాఖ అప్పట్లో రాజకుమారి అమృత్ కౌర్ నిర్వహించిన ఆరోగ్య మంత్రిత్వశాఖ క్రింద ఉండేది. నాజీ జర్మనీని విడిచి వచ్చి, మైసూరు సంస్థానంలో ప్రధాన వాస్తుశిల్పిగా పనిచేసి, జంషెడ్‌పూర్‌కు, భువనేశ్వర్‌కు ప్రణాళికలు రచించిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ గృహనిర్మాణ సంచాలకులుగా దానికి నాయకత్వం వహించారు. గాలి బుడగలు నింపిన తేలికపాటి కాంక్రీటుతో గది ఎత్తు పలకలు చేసి, వాటిని తీసుకువెళ్ళి నిలబెడితే ఇల్లు అవుతుందన్నది పథకం. బరువు తక్కువ, వేడి తక్కువ, కాలం తక్కువ అన్న మూడు ప్రయోజనాలను ఆశించారు. పలకలు పగుళ్ళు తీశాయి, రవాణాలో విరిగాయి, అనుకున్న ధరకు ఇళ్ళు రాలేదు. పార్లమెంటులో విమర్శలు చెలరేగాయి. కర్మాగారం ఆగిపోయింది. కోనిగ్స్‌బర్గర్ 1951లో దేశం విడిచి లండన్ చేరారు. ఆ కర్మాగారమే 1953లో హిందుస్థాన్ హౌసింగ్ ఫ్యాక్టరీగా, 1978లో హిందుస్థాన్ ప్రీఫ్యాబ్ లిమిటెడ్‌గా రూపాంతరం చెంది, రైల్వే స్లీపర్లు, స్తంభాలు, భవన భాగాలు తయారుచేసి నిలదొక్కుకున్నది.

ఈ వైఫల్యానికి కారణం ఆలోచన చెడ్డదవటం కాదు. గాలి బుడగల కాంక్రీటు నేడు మన పట్టణాలన్నింటిలో తెల్ల దిమ్మెల రూపంలో అమ్ముడవుతున్నది. నాడు లోపించినవి మూడు: పదార్థం మన వాతావరణంలో ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా పరీక్షించి చూచే ఓపిక, పెద్ద పలకను చెక్కుచెదరకుండా చేరవేసే సాధనం, దానిని నిలబెట్టే పనివారి శిక్షణ. కోనిగ్స్‌బర్గర్ స్వయంగా ఆ తరువాతి జీవితాన్ని వేడి దేశాలలోని ఇంటి అధ్యయనానికి వినియోగించారు. ఇతరులతో కలిసి ఆయన రచించి 1974లో ప్రచురించిన ఉష్ణమండల గృహనిర్మాణ గ్రంథం దశాబ్దాల పాటు మన వాస్తుకళా విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. ఢిల్లీలో పగిలిన పలక ఆయనకు నేర్పిన విషయం సామాన్యమైనది కాదు.

అచ్చు గోడలో కలిసిపోయిన కథ

తీసివేయని అచ్చు అనే ఊహ ప్రాచీనమైనది. రోమను కట్టడాలలో రెండు వైపులా ఇటుక ముఖాలను లేపి, నడుమ సున్నపు కాంక్రీటు నింపేవారు. ఇటుక ముఖమే అచ్చు, అదే గోడకు అందం. మన దక్కను కోటలలో, ఆలయాలలో కూడా చెక్కిన రాతి ముఖాల నడుమ రాళ్ళు, మట్టి, సున్నం నింపిన గోడలు సామాన్యం. తేలికదనం విషయంలోనూ తెలుగు దేశానికి సొంత నిదర్శనం ఉన్నది. 1213 నాటి పాలంపేట రామప్ప ఆలయ శిఖరంలో వాడిన ఇటుకలు నీటి మీద తేలేటంత గుల్లగా ఉంటాయి. కాకతీయ శిల్పులు వాటిని వాడినది క్రిందికి దిగే బరువును తగ్గించటానికి. బరువు మోసే పదార్థం వేరు, చోటు నింపే పదార్థం వేరు అన్న వివేకం అందులో కనిపిస్తుంది. ఆధునికమైన అచ్చు గోడకు పునాది కూడా ఆ వివేకమే.

ఇరవయ్యవ శతాబ్ది ప్రారంభంలో థామస్ ఎడిసన్ మొత్తం ఇంటిని ఒకే పోతగా పోయాలని తలచారు. 1908లో దరఖాస్తు చేసిన ఆ పేటెంటు 1917లో మంజూరయింది. కార్మికునికి చౌకగా ఇల్లు అందించటమే ఆయన లక్ష్యం. న్యూజెర్సీ రాష్ట్రంలోని యూనియన్ పట్టణంలో అటువంటి ఇళ్ళు కొన్ని లేచాయి, నిలిచాయి. అయితే వందల కొద్దీ ఇనుప ముక్కలను బిగించి, విప్పి, మరొక చోటికి మోసే ఖర్చు చిన్న గుత్తేదారుకు మోయరానిదైంది. పోత గోడకు మొదటి శత్రువు అచ్చు ధరే.

ఆ అచ్చును చౌకగా, తేలికగా చేసి అక్కడే వదిలివేస్తే ఈ చిక్కు తీరుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలం నాటికి యూరప్‌లో చెక్కపొట్టును సిమెంటుతో కలిపి బోలు దిమ్మెలు చేసే ప్రయత్నాలు సాగాయి. 1950ల ప్రాంతంలో జర్మనీలో నురుగు పాలిస్టైరీన్ తయారీ సాధ్యమైంది. మన దేశంలో అందరూ థర్మోకోల్ అని పిలిచేది దానినే. కెనడాకు చెందిన వెర్నర్ గ్రెగోరీ అనే నిర్మాణదారు 1966లో థర్మోకోల్ అచ్చుకు పేటెంటు కోరారు. 16 అంగుళాల ఎత్తు, 48 అంగుళాల పొడవు గల ఆ దిమ్మెకు ఒకదానిలో ఒకటి ఇమిడే అంచులు, రెండు ముఖాలను కలిపి పట్టే లోహపు బంధాలు ఉండేవి. చలి దేశంలో నేల క్రింది గదుల గోడలకు అది మొదట ఉపయోగపడింది. తరువాత నేల మట్టం దాటి పైకి లేచి ఇంటి గోడ అయింది.

నేల పైన ఆ గోడను కట్టే విధానం ఇది. పునాది దూలంలో నిలువు చువ్వలను ముందే వదలుతారు. మొదటి వరుస దిమ్మెలను రసమట్టంతో సరిచూచి పరుస్తారు. పై వరుసలను జోడు తప్పించి పేరుస్తారు. ప్రతి వరుసలో అడ్డ చువ్వలు వేస్తారు. కిటికీ, తలుపు ఖాళీలకు చట్రాలు బిగిస్తారు. గోడ వంగకుండా లోపలి వైపు నిలువు ఆధారాలను, పరంజాను నిలబెడతారు. అప్పుడు కాంక్రీటు. ఈ దశలోనే అసలు ప్రమాదం. పచ్చి కాంక్రీటు ద్రవం వలె ప్రక్కలకు నెట్టుతుంది. 3 మీటర్ల ఎత్తు ఒక్కసారిగా పోస్తే అడుగున చదరపు మీటరుకు 7 టన్నుల వరకు ఒత్తిడి పడుతుంది. నురుగు దిమ్మె దానికి ఆగదు. అందుచేత ఇంటి చుట్టూ తిరుగుతూ మూడు నాలుగు అడుగుల చొప్పున పోస్తూ, అడుగు భాగం గట్టిపడే వ్యవధి ఇస్తూ పైకి వెళ్ళాలి. కుదింపు తక్కువైతే లోపల గుల్లలు మిగులుతాయి, అచ్చు విప్పరు కనుక అవి కంటికి కనిపించవు. కుదింపు ఎక్కువైతే దిమ్మె చిట్లుతుంది. ఇటుక గోడలో మేస్త్రీ తప్పు వెంటనే బయటపడుతుంది, ఈ గోడలో తప్పు దాగిపోతుంది. పర్యవేక్షించే అధికారులు ముఖ్యంగా గ్రహించవలసిన తేడా ఇది.

మరి రెండు జాగ్రత్తలున్నాయి. నురుగు మంటకు లొంగుతుంది కనుక లోపలి ముఖాన్ని పూతతోగాని, జిప్సం పలకతోగాని తప్పక కప్పాలి. చెదపురుగు నురుగును తినదు గాని దానిలో దారి తొలుచుకొని కంటబడకుండా పైకి పాకుతుంది. ఈ కారణం చేతనే అమెరికా దక్షిణ ప్రాంతాలలో నేలలోకి దిగే నురుగుపై నిర్మాణ నియమావళి ఆంక్షలు విధించింది. చెదలు లేని నేల మన దేశంలో అరుదు. గోడను నేలమట్టం నుంచి ఎత్తైన పీఠం మీద మొదలుపెట్టటం మన పూర్వపు ఇళ్ళ పద్ధతి. ఈ కొత్త గోడకు ఆ పాత పద్ధతే రక్ష.

మూడు షిఫ్టుల ఇల్లు

భిలాయిలో మే నెల పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీల పరిసరాల్లో ఉంటుంది. కొన్ని రోజులు 45 డిగ్రీలను దాటుతుంది. అటువంటి ఊరిలో గోడ స్వభావాన్ని లెక్కలలో చూడటం అవసరం. ఇంజనీర్లు వాడే ప్రమాణాల ప్రకారం థర్మోకోల్‌తో పోల్చితే కాల్చిన ఇటుక ఇరవై రెట్లకు పైగా, గట్టి కాంక్రీటు యాభై రెట్లకు దగ్గరగా వేడిని తనగుండా పంపుతుంది. రెండు వైపులా పూత గల 9 అంగుళాల ఇటుక గోడగుండా, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, చదరపు మీటరుకు దాదాపు 2 వాట్ల వేడి ప్రసరిస్తుంది. 6 అంగుళాల వట్టి కాంక్రీటు గోడగుండా దాదాపు 4 వాట్లు. అదే కాంక్రీటుకు రెండు వైపులా రెండున్నర అంగుళాల నురుగు అచ్చు ఉంటే 0.3 వాట్లకు మించదు. అనగా ఇటుకను విడిచి వట్టి కాంక్రీటుకు వెళ్ళటం వేడిని రెట్టింపు చేసుకోవటం. నురుగు అచ్చులోని కాంక్రీటుకు వెళ్ళటం దానిని ఏడవ వంతుకు తగ్గించుకోవటం. పైకి రెండూ పోసిన గోడలే. లోపల నివసించేవారికి మాత్రం వాటి మధ్య ఎంతో దూరం.

ఉక్కు నగరంలో ఈ లెక్కకు మరొక కోణం ఉన్నది. కొలిమి ఆరదు, కనుక కార్మికుడు మూడు షిఫ్టులలో పనిచేస్తాడు. ఒక వారం రాత్రి నిద్రపోయినవాడు మరొక వారం మిట్టమధ్యాహ్నం నిద్రపోవలసి వస్తుంది. ఇటుక గోడ వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. పడమటి ఎండ తాకిడి ఆరేడు గంటల తరువాత, రాత్రి వేళకు గది లోపలికి చేరుతుంది. పగలు పడుకునేవానికి ఆ ఆలస్యం మేలు, రాత్రి పడుకునేవానికి కీడు. ఉత్తరాంధ్ర పల్లెలో ఇంటిల్లిపాది అరుగు మీదనో, వాకిట్లోనో పడుకొని ఆ రాత్రి వేడిని తప్పించుకునేవారు. రెండంతస్తుల క్వార్టరులో అరుగు లేదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు ఎండలో వాకిట పడుకోలేడు. కొలిమి వేడికి ఎనిమిది గంటలు ఓర్చిన శరీరానికి చల్లని నిద్ర విలాసం కాదు. మరునాటి పనిలో ప్రమాదం జరగకుండా కాపాడేది ఆ నిద్రే. ఈ దృష్టితో చూచినప్పుడు వేడిని ఆలస్యం చేసే గోడ కంటె వేడిని ఆపే గోడ ఉక్కు నగరానికి అధికంగా తగినది.

అయితే ఆ గోడకూ పరిమితులున్నాయి. లోపలి వైపు నురుగు కూడా కాంక్రీటును గది నుంచి వేరు చేస్తుంది. రాత్రి కిటికీలు తెరచి గోడను చల్లబరచి, ఆ చలువను పగటికి దాచుకొనే వెసులుబాటు పోతుంది. వేడి దేశాలకు నురుగు బయటి వైపు మాత్రమే ఉండటం మేలని ఉష్ణశాస్త్రం చెబుతుంది. అంతేకాక పై అంతస్తులో అన్నింటికంటె ఎక్కువ వేడి వచ్చేది కప్పు నుంచి. కప్పును అలాగే వదలి గోడకు మాత్రం నురుగు తొడగటం సగం పని. ఈ సంగతిని గుర్తించే 2018 డిసెంబరులో ఇంధన సామర్థ్య సంస్థ ప్రకటించిన ఎకో నివాస్ సంహిత గోడలకు, కప్పుకు విడివిడిగా హద్దులు నిర్దేశించింది.

చిట్టెం గోడగా మారిన వైనం

కొలిమిలో ఇనుము కరిగినప్పుడు పైకి తేలే మలినాన్ని తెలుగులో చిట్టెమంటారు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో అది టన్నుల కొద్దీ వస్తుంది. కరిగిన చిట్టెం మీద నీటిని ఒక్కసారిగా చిమ్మితే గాజువంటి రవ్వ అవుతుంది. ఆ రవ్వను సిమెంటు క్లింకరుతో కలిపి మెత్తగా నూరితే చిట్టెపు సిమెంటు తయారవుతుంది. భారతీయ ప్రమాణం 25 నుంచి 70 శాతం వరకు చిట్టెం కలపటాన్ని అనుమతిస్తున్నది. 1960ల మధ్యలో భిలాయి సమీపంలోని జాముల్‌లో ఏ.సి.సి. స్థాపించిన సిమెంటు కర్మాగారం ఈ బంధానికి ప్రతీక. ఉక్కు నగరం నుంచి చువ్వ వస్తుంది, చిట్టెం నుంచి సిమెంటు వస్తుంది. పోసిన గోడకు కావలసిన రెండు ప్రధాన ద్రవ్యాలు ఒకే కొలిమి సంతానం. కొండలుగా పేరుకుపోవలసిన వ్యర్థం ఇంటి గోడలోకి చేరటం భిలాయి వంటి ఊరికి చిన్న లాభం కాదు.

ఈ విషయంలో విశాఖపట్నం మరొక అధ్యాయం వ్రాసింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారం గల ఆ నగరంలోనే ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ దంపతులు ఇన్స్వారెబ్ సంస్థ ద్వారా విద్యుత్కేంద్రపు బూడిద, సున్నం, జిప్సంల మేళనంతో ఫాల్-జి ఇటుకను రూపొందించారు. దానిని కాల్చనక్కర లేదు, పొలం పైమట్టిని తవ్వనక్కర లేదు. 1999 సెప్టెంబరులో పర్యావరణ మంత్రిత్వశాఖ బూడిద వినియోగాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇవ్వటానికి ముందే ఈ ఇటుక వాడుకలోకి వచ్చింది. పెద్ద పెట్టుబడి, విదేశీ అచ్చు అవసరం లేకుండా చిన్న యంత్రంతో ఒక కుటుంబం నడుపుకోగల పరిశ్రమ కావటం దాని విజయ రహస్యం. ఢిల్లీ పలక తప్పిన చోట విశాఖ ఇటుక నిలిచింది. కొత్త పదార్థం పాత చేతిపనిలో ఒదిగింది. మేస్త్రీ తన తాపీని మార్చుకోవలసిన పని లేకపోయింది.

చేతుల లెక్క

గోడ చరిత్ర పదార్థంతో ముగియదు. ఛత్తీస్‌గఢ్‌లో కట్టుబడి పనిలో ఇటుకలు, మాలు మోసే స్త్రీని రెజా అంటారు. పరంజా మీద నిలబడి ఇటుక పేర్చే మేస్త్రీ పురుషుడు. నిచ్చెన మీదుగా బరువు మోసే రెజా రోజు కూలీ అతని కూలీకి ఎప్పుడూ దిగువనే ఉండేది. లండన్ ఆర్థిక శాస్త్ర విద్యాలయానికి చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1990ల నుంచి భిలాయిలో దీర్ఘకాలం పరిశోధించి, కట్టుబడి కూలీల జీవితం గురించి 2014లో ఒక వ్యాసాన్ని, ఆ ఊరి శ్రమజీవుల తరగతుల గురించి 2020లో ఒక బృహద్గ్రంథాన్ని ప్రచురించారు. శాశ్వత ఉద్యోగికీ గుత్త కూలీకీ మధ్య భిలాయిలో ఏర్పడిన అగాధం ఆయన పరిశోధనలోని కేంద్రాంశం. క్వార్టరులో నివసించినవాడు, ఆ క్వార్టరు కట్టినవాడు ఒకే తరగతికి చెందినవారు కారు. 1980ల తరువాత శాశ్వత ఉద్యోగుల సంఖ్య సగానికి పైగా తగ్గిపోగా ఈ ప్రశ్న మరింత పదునెక్కింది.

అచ్చు గోడ వస్తే రెజా బరువు తగ్గుతుంది. ఇటుకల తట్ట స్థానంలో అరచేతిలో పట్టే నురుగు దిమ్మె వస్తుంది. నడుము విరిగే పని తగ్గటాన్ని ఎవరూ వ్యతిరేకించరు. కాని ఆ పనితోపాటు ఆమె కూలీ కూడా పోతే ఆ మేలును ఏమని పిలవాలి? ఈ ప్రశ్న భిలాయికి కొత్తది కాదు. భిలాయికి ఇనుప ఖనిజం అందించే దల్లీ-రాజహరా గనులలో యంత్రాలు ప్రవేశించినప్పుడు శంకర్ గుహా నియోగి నాయకత్వాన గని కార్మికులు దానినే అడిగారు. యంత్రాన్ని పూర్తిగా త్రోసిపుచ్చక, ఏ పనిని యంత్రానికి ఇవ్వాలి, ఏ పనిని మనిషి చేతిలో ఉంచాలి అని విడదీసి, అర్ధ యాంత్రీకరణ అనే ప్రతిపాదనను వారు ముందుకు తెచ్చారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలోని తన నివాసంలో నిద్రిస్తుండగా హత్యకు గురయ్యారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారికి సైతం ఆ ప్రతిపాదనలోని పద్ధతి అనుసరణీయమే. యంత్రం ఎంత మిగులుస్తుంది అన్న లెక్క ప్రక్కన ఎంతమందిని మిగులుస్తుంది అన్న లెక్క కూడా వ్రాయాలి.

నేటి నిర్ణయాలు

ఈ చరిత్ర అంతా పాతబడిన కథ కాదనటానికి మన రాష్ట్రాలలోనే నిదర్శనాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో సంస్థ పట్టణ పేదల కోసం చేపట్టిన బహుళ అంతస్తుల ఇళ్ళకు షియర్ వాల్ పద్ధతిని ఎంచుకున్నది. అల్యూమినియం అచ్చులు బిగించి, గోడలు, కప్పు కలిపి కాంక్రీటు పోసి, అచ్చులు విప్పి పై అంతస్తుకు మార్చే విధానమది. వేగం, దృఢత్వం దాని సుగుణాలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును చూచిన తీరానికి గట్టి గోడ అవసరం ఏమిటో చెప్పనక్కర లేదు. కాని పైన చూచిన లెక్క ప్రకారం వట్టి కాంక్రీటు గోడ ఇటుక కంటె రెట్టింపు వేడిని లోపలికి పంపుతుంది. ఎయిర్ కండిషనర్ కొనలేని కుటుంబానికి ఆ తేడా ప్రతి వేసవి రాత్రి తెలుస్తుంది. 2021 జనవరి 1న కేంద్ర ప్రభుత్వం ఆరు నగరాలలో శంకుస్థాపన చేసిన లైట్ హౌస్ ప్రాజెక్టులలో ఒక్కొక్క చోట ఒక్కొక్క నిర్మాణ పద్ధతిని ప్రయోగించారు. లక్నోలో 1,040 ఇళ్ళకు ఎంచుకున్నది గోడలోనే మిగిలిపోయే పి.వి.సి. అచ్చు. ఇండోర్‌లో 1,024 ఇళ్ళకు ఎంచుకున్నది నడుమ తేలిక పదార్థం గల శాండ్‌విచ్ పలక. విప్పని అచ్చు, వేడిని ఆపే గోడ అనే రెండు ఆలోచనలూ ఆ విధంగా ప్రభుత్వ ప్రయోగశాలలోకి వచ్చాయి.

ఈ ప్రయోగాలను తూచటానికి భిలాయి అనుభవం నుంచి మూడు ప్రమాణాలు తీసుకోవచ్చు. మొదటిది, గోడను కట్టిన రోజుల సంఖ్యతో మాత్రమే కొలవరాదు. నివాసి గడిపిన వేసవుల సంఖ్యతో కొలవాలి. ఇల్లు అప్పగించిన తరువాత మే నెలలో గది ఉష్ణోగ్రతను నమోదు చేయటం ఏ గృహనిర్మాణ సంస్థకైనా అందుబాటులో ఉన్న పని. రెండవది, పదార్థం దగ్గరలో దొరకాలి. చిట్టెం, బూడిద గల ఊరిలో వాటిని వినియోగించుకొనే గోడకు పెద్దపీట వేయాలి. నురుగు దిమ్మె అవసరమైతే దాని తయారీ కూడా ఆ జిల్లాలోనే జరగాలి. ఢిల్లీ పలక రవాణాలో విరిగిన సంగతి మరువరాదు. మూడవది, కొత్త గోడతోపాటు కొత్త పనివారిని కూడా తయారుచేయాలి. అచ్చు సరిచూచే నేర్పు, చువ్వ కట్టే నేర్పు, కాంక్రీటు కుదించే నేర్పు తాపీ పట్టిన చేతికి త్వరగా అలవడతాయి. ఆ శిక్షణలో తట్ట మోసిన స్త్రీకి మొదటి స్థానం దక్కాలి. నురుగు దిమ్మె బరువు ఆమెను మేస్త్రీ పని నుంచి దూరంగా ఉంచటానికి ఇక సాకు కాజాలదు.

భిలాయి టౌన్‌షిప్ తొలి గోడలు లేచి అరవై ఏళ్ళు దాటింది. వాటిని కట్టినవారిలో ఎందరి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఆ క్వార్టర్లకు పెద్ద మరమ్మతులు చేయవలసిన, కొన్నింటిని తిరిగి కట్టవలసిన కాలం వచ్చింది. వాటి స్థానంలో లేచే గోడ ఇటుకదైనా, బూడిదదైనా, నురుగు అచ్చులో పోసిన కాంక్రీటుదైనా, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి మధ్యాహ్నం కన్ను మూసే మనిషికి అది ఎంత చల్లదనమిస్తుందో ముందుగా లెక్క కట్టి, ఆ లెక్కను అంచనా పత్రంలో మొదటి పుటలో వ్రాయటం మంచి ఆరంభమవుతుంది.